చేతకానోడి వేషం

చేతకానోడి వేషం అందరూ వెయ్యలేరు. నటన రాక కాదు. వేషం వెయ్యాలంటే మనిషి వేరు, వేషం వేరు అని చూసేవాళ్ళు ముందు ఒప్పుకోవాలి. కిరీటం పెట్టుకున్నోడు రాజు కాదని అందరికీ తెలుసు గనకే అది నాటకం. మరి మాలపల్లి నుంచి వచ్చినోడు స్టేజీ ఎక్కి తడబడితే, లెక్క తప్పితే, చెప్పింది అర్థంకాక నోరు తెరిస్తే, అది వేషమని ఎవడు ఒప్పుకుంటాడు? "ఆడు నటించేదేంట్రా, ఆడంతే" అంటారు. మనిషికీ వేషానికీ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. మన విషయంలో ఆ జానెడూ పుట్టకముందే పూడ్చేశారు.

నేనడగదలుచుకున్న ప్రశ్న ఒకటే. తరతరాలుగా తెలివితక్కువోళ్ళని ముద్ర వేయించుకున్న మనుషులు తెలివితక్కువోడి వేషం వెయ్యొచ్చా? వేస్తే ఎవరికి లాభం? ఇది నాటకాలోళ్ళ ప్రశ్నలా కనపడుద్ది గానీ కాదు. బడిలోనూ, ఆఫీసులోనూ, చెరువు గట్టు మీదా మనం రోజూ ఎదుర్కొనే ప్రశ్న.

చెరువు గట్టుతోనే మొదలుపెడతాను.

మా ఊరు ఏలూరుకి దిగువన, కొల్లేరు వైపు. మా పెదనాన్న చాలా ఏళ్ళు చేపల చెరువుకి కాపలా ఉన్నాడు. సొసైటీ కాగితాల్లో ఆ నేలలో ఆయనకీ వాటా ఉంది. చెరువు నడిపేది మాత్రం లీజుకి తీసుకున్న కామందు. అంటే తన పేరున్న నేలకి తనే జీతగాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ చెక్కా నింపి కర్రలకి కట్టేవాడు. సంచి ఎంతసేపట్లో ఖాళీ అయిందో చూసి చేప ఆకలి చెప్పేవాడు. మబ్బు పట్టిన రోజు గడిచాక తెల్లారుజామున శీలావతులు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, నీళ్ళల్లో గాలి చాలట్లేదని కనిపెట్టి ఇంజను ఆడించి కొత్తనీరు పెట్టేవాడు. పట్టుబడి రోజు గంప ఒకసారి ఎత్తి దింపి బరువు చెప్పేవాడు. కాటా ఆయన మాట దాటేది కాదు.

కామందు గట్టు మీదికి రాగానే ఈ తెలివంతా ఎక్కడికో పోయేది.

"ఏరా, నీళ్ళెలా ఉన్నాయి?"

"తెల్దండి. తమరే చూడాలండి."

"ఎన్ని సంచులు కట్టావు?"

వేళ్ళు మడుచుకుని లెక్కపెట్టడం మొదలెట్టేవాడు. మధ్యలో తప్పేవాడు. మళ్ళీ మొదలు. కామందు పక్కవాళ్ళని చూసి నవ్వేవాడు. ఆ తర్వాత ఆయన ఆలోచించి చెప్పిన పని మా పెదనాన్న అంతకుముందు రోజే చేసేసి ఉండేవాడు. "ఆయ్, అలాగేనండి" అనేవాడు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఉండబట్టలేక అడిగాను. ఆయన చుట్ట ఆర్పి చెప్పిన మాట ఇది: "తెలిసినోడివని తెలిస్తే రెండు నష్టాలురా. చేప చచ్చిపోతే తెలిసే చంపేవంటారు. రెండోది, కాటా దగ్గర నుంచోనివ్వరు."

ఈ ఉపాయం ఏకలవ్యుడికి తెలీదు. ద్రోణుడి ముందు నాలుగు బాణాలు పక్కకి వేసుంటే బొటనవేలు దక్కేది. మా పెద్దోళ్ళు దక్కించుకున్నారు. దక్కించుకున్న ఆ వేలితోనే లీజు కాగితాల మీద ముద్రలు వేశారు.

ఇది మన ఒక్కళ్ళ సంగతి కాదు. అమెరికా తోటల్లో నల్ల బానిసలు చెప్పిన పని అర్థంకానట్టు నటించి, పనిముట్లు విరగ్గొట్టి, దొరల చేత మొద్దులనిపించుకున్నారని అక్కడి చరిత్రకారులు రాశారు. జేమ్స్ స్కాట్ అనే పండితుడు మలేసియాలో ఒక వరి పండించే పల్లెలో ఉండి చూసి 1985లో ఒక పుస్తకం రాశాడు. తెలిసీ తెలీనట్టుండటం, పని మెల్లిగా చెయ్యడం, పైకి తలూపి లోపల ఊపకపోవడం, వీటిని ఆయన బలహీనుల ఆయుధాలన్నాడు. నిజమే, ఆయుధాలే. కాకపోతే పిడి లేని కత్తులు. పట్టుకున్న చెయ్యి కూడా తెగుద్ది.

ఎలా తెగుద్దో చెబుతాను. మా పెదనాన్న కొడుకు నాకంటే రెండేళ్ళు పెద్ద. తెలివైనోడు. ఒకరోజు బడిలో లెక్కల మేష్టారు బోర్డు దగ్గరకి పిలిచారు. అన్నయ్య సుద్దముక్క పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణం మేష్టారు ఓర్చుకోలేకపోయాడు. "మీ నాన్నకి సంచులు లెక్కెట్టడమే రాదంటగా, నీకేం వస్తుందిరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. గట్టు మీద కామందు నవ్విన నవ్వు ఊళ్ళో తిరిగి తిరిగి బడిదాకా వచ్చిందన్నమాట. కొడుకు అన్నం కోసం తండ్రి వేసిన వేషం కొడుకు మీదే సాక్ష్యమైంది. అన్నయ్య ఆ ఏడాదే బడి మానేసి తవుడు బస్తాలు మొయ్యడానికి పోయాడు.

మన చేతకానితనం గురించి అవతలోడి దగ్గరున్న రుజువుల్లో సగం మనం బతకడానికి నటించినవే. ఈ సంగతి చదువుకుంటున్న పిల్లలకి తెలియాలి.

గట్టు మీద వేషానికి స్టేజీ లేదు. స్టేజీ మీద వేషాలెలా పంచారో కూడా చూద్దాం. మా వైపు హరిశ్చంద్ర నాటకమంటే కాటి సీనే. దానికోసం తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ సీనులో రాజు నోట పాడే శ్మశానం పద్యాలు గబ్బిలం రాసిన జాషువావి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలోకి నటులు వాటిని తెచ్చి కలుపుకున్నారు, వన్స్‌మోర్లు కొట్టించుకున్నారు. ఇక్కడ తమాషా చూడండి. అంటరానివాడని వెలి అనుభవించిన కవి రాసిన పద్యం రాజుకి దక్కింది. ఆ కాటికి యజమాని అయిన వీరబాహుకి ఏం దక్కింది? కల్లుముంత. తూలడం, నాలిక మడతపడటం, జనాన్ని నవ్వించడం. మేం చిన్నప్పుడు చూసిన ప్రతి వీరబాహూ అంతే. రాజు కాటికాపరి వేషంలో ఉన్నా రాజే, జనం ఏడుస్తారు. వీరబాహు యజమాని అయినా చేతకానోడే, జనం నవ్వుతారు. రాజుకి వేషానికీ మనిషికీ మధ్య ఖాళీ ఉంది. వీరబాహుకి లేదు.

దీని పక్కన పరమానందయ్య శిష్యుల్ని పెట్టండి. తెలుగుదేశంలో వాళ్ళని మించిన చేతకానోళ్ళు లేరు. సూది తెమ్మంటే తాటిదుంగకి గుచ్చి పన్నెండుమందీ మోసుకొచ్చిన ఘనులు. 1966లో ఎన్.టి. రామారావుతో సినిమా కూడా వచ్చింది. మనమూ పడీపడీ నవ్వాం. ఆ కథ విని బ్రాహ్మలకి తెలివి లేదని ఎవరన్నా అన్నారా? ఆ పన్నెండుమంది మొద్దుతనం ఆ పన్నెండుమందిదే. కులానికి అంటలేదు. మనలో ఒక్కడి తప్పు పేట మొత్తానికి అంటుద్ది. అందుకే హాస్యం అందరికీ ఒకటి కాదంటాను.

మరి మన పిల్లలు నవ్వించే వేషాలన్నీ మానెయ్యాలా? కొన్నాళ్ళు నేనూ ఇదే తర్జనభర్జన పడ్డాను. దీనికి జవాబు బుర్రకథలో దొరికింది.

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబురా పట్టుకుని కథకుడు. ఒక పక్క రాజకీయం చెప్పే వంత, రెండో పక్క హాస్యం చెప్పే వంత. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దీన్ని ఊరూరా తిప్పింది. దూదేకుల ఇంట్లో పుట్టిన నాజర్ దీనికి పేరు తెచ్చాడు. మా పల్లిలోనూ ఒక దళం ఉండేది. క్రిస్మస్‌కీ, ఏప్రిల్ 14కీ కథ చెప్పేవాళ్ళం. అంగరఖాలు ఏలూరులో అద్దెకి తెచ్చేవాళ్ళం. నేను హాస్యం వంత. అంటే ఏదీ ఒక్కసారికి అర్థంకానోణ్ణి.

కథకుడు "రాజుగారు వెయ్యెకరాలు దానమిచ్చారు" అంటాడు. నేను బుర్ర గోక్కుంటాను. "నాకు తెల్దు బావా, ఆ వెయ్యెకరాలూ దున్నిందెవరు?" జనం నవ్వుతారు. "అది మనకెందుకురా" అంటాడు కథకుడు. "అది కాదు బావా, దున్నినోణ్ణి అడగకుండా ఇచ్చేస్తే అది దానమా, దొంగసొత్తా?" ఆడోళ్ళ వైపు నుంచి ముందు నవ్వు వచ్చేది, తర్వాత నిశ్శబ్దం వచ్చేది. గట్టున నుంచుని చూసే మోతుబరి ఏమీ అనలేడు. అంటే మొద్దోడి మాట పట్టించుకున్నోడౌతాడు.

గమనించండి. మా పెదనాన్న అన్నదీ "తెల్దు" అనే. నేనన్నదీ "తెల్దు" అనే. ఆయన "తెల్దండి" అన్నాడు. నేను "తెల్దు బావా" అన్నాను. అండి పైవాడికి, బావా సమానుడికి. తెల్దండి అన్నప్పుడు నవ్వేది కామందు, నష్టం మనకి. తెల్దు బావా అన్నప్పుడు నవ్వేది మనోళ్ళు, చెమట పట్టేది కామందుకి. మాట అదే, వేషం అదే. ఎవరి ముందు వేశామన్నదే తేడా. ఆ తేడాలోనే న్యాయమంతా ఉంది.

ఈ తేడా దక్కనోడి బతుకెలా ఉంటదో తెలియాలంటే బెర్ట్ విలియమ్స్‌ని చూడాలి. 1874లో బహామాస్‌లో పుట్టిన నల్లజాతి నటుడు. రంగు తక్కువ నలుపు. స్టేజీ ఎక్కాలంటే మొహానికి మసి పూసుకోవలసి వచ్చింది. నల్లోడు నల్లోడి వేషం వేసుకోవడమన్నమాట. వేసింది నిదానం మనిషిని, ఏ పనీ కలిసిరానోణ్ణి. 1903లో బ్రాడ్వేలో ఇన్ డహోమీ ఆడాడు. 1910లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్‌లో చేరాడు, తెల్లవాళ్ళ మధ్య గొప్ప పేరొచ్చింది. బయట పుస్తకాలు చదివే గంభీరమైన మనిషి. 1922లో పోయాడు. అంత గొప్ప కళ ఉన్నోడికి మసి కడుక్కుని స్టేజీ ఎక్కే అవకాశం అంతగా దొరకలేదు. నటించగలిగినోడే, కానీ విప్పే హక్కు లేదు. విప్పలేని వేషం వేషం కాదు, చర్మం.

దీనికి సరిగ్గా ఎదురు దృశ్యం 1990లో మనమంతా చూశాం. మండల్ కమిషన్ సిఫారసులు అమలు చేస్తామని వి.పి. సింగ్ ప్రకటించగానే అగ్రకుల విద్యార్థులు రోడ్ల మీద కూర్చుని బూట్లు పాలిష్ చేశారు, చీపుళ్ళు పట్టుకుని వీధులూడ్చారు. మా తెలివికి ఇదా గతి అని దాని అర్థం. సాయంత్రానికి చీపురు పక్కన పడేసి హాస్టలుకి పోయారు. వాళ్ళకి అది గంటసేపు వేషం. ఆ చీపురుతోనే పుట్టి, దానితోనే ముసలైపోయే మనుషులు అదే రోడ్డు మీద, వాళ్ళకి కనపడకుండా నుంచున్నారు. మన బతుకు వాళ్ళకి చేతకానితనానికి గుర్తయింది.

ఇదంతా పాతకథ అనుకునేవాళ్ళకి నిన్నమొన్నటి సంగతొకటి చెబుతాను. మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతోంది. అక్కడ స్నేహితులు ఐదుగురు శనివారం రాత్రి బల్ల చుట్టూ కూర్చుని ఒక ఆట ఆడతారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికాలో 1974లో తెచ్చారు. ఒకళ్ళు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర కట్టుకుని, ఆ పాత్ర ఏమంటదో ఏం చేస్తదో నోటితో చెబుతారు. పని నెగ్గిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మన బుర్రకథకి పాచికలు కలిపితే ఎట్టుంటదో అట్టుంటది. ప్రతి పాత్రకీ బలం, చురుకు, తెలివి లాంటివి ఆరు గుణాలు. పాత పద్ధతిలో ఒక్కో గుణానికి మూడు పాచికలు దొర్లిస్తారు. మూడు నుంచి పద్దెనిమిది దాకా ఎంత పడితే అంత.

వాళ్ళ గుంపులో ఒకబ్బాయికి తెలివి ఆరు పడింది. మార్చుకోమన్నా మార్చుకోలేదు. పదిదాకా లెక్కపెట్టలేని సిపాయిగా ఆడాడు. తలుపు తొయ్యాల్సిన చోట లాగుతాడు, శత్రువుకే దారి అడుగుతాడు. ఆ గుంపులో అందరికీ ఇష్టమైన పాత్ర అదే. మా పిల్ల మాత్రం ఎప్పుడాడినా తనకి పడ్డవాటిలో పెద్ద అంకె తీసుకెళ్ళి తెలివి కింద పెడుతుంది. ఎప్పుడూ మంత్రగత్తే. ఎప్పుడూ అన్నీ తెలిసినదే.

క్రిస్మస్‌కి తాడేపల్లిగూడెం మా ఇంటికొచ్చినప్పుడు అడిగింది. "మావయ్యా, నాక్కూడా ఆ మొద్దు వేషం వెయ్యాలని ఉంటది. కానీ వాడేస్తే యాక్టింగంటారు. నేనేస్తే..." అని ఆపేసింది. ఆ గుంపులో ఎవరూ ఆ పిల్లని ఒక్కమాట అనలేదు. అక్కర్లేదు. కౌన్సెలింగులో ఏ కోటాలో సీటొచ్చిందో అందరికీ తెలుసు. పెరుగన్నం తింటూ ఆడుకునే ఆటలో కూడా ఆ పిల్ల తెలివిని కాపలా కాసుకుంటూ కూర్చోవాలి. మా పెదనాన్న తెలివి దాచుకున్నాడు. మనవరాలు తెలివి చూపిస్తూనే ఉండాలి. ఇద్దరిదీ ఒకటే జైలు, గదులే వేరు.

బుర్రకథ సంగతి ఆమెకి చెప్పాను. కొన్ని వారాల తర్వాత ఫోను చేసింది. కథలో వీరులంతా ఒక గుహలో జొరబడి అక్కడున్న గాబ్లిన్లనే పొట్టి రాక్షసుల్ని చంపి నిధి తెచ్చుకోవాలి. ఈమె వంటమనిషి వేషం కట్టింది, తెలివి ఐదు. గుహ గుమ్మంలో ఆగి, "ఈ ఇల్లు ఎవరిదండీ? వాళ్ళు భోజనాల దగ్గరున్నట్టున్నారు, తర్వాత రామంటారా?" అని అడిగిందట. ముందు నవ్వారు. తర్వాత కథ నడిపేవాడు నోటమాట రాక పాచికలు కింద పెట్టాడట. వీళ్ళంతా ఎందుకు చావాలో ఆ బల్ల దగ్గర అంతవరకు ఒక్కళ్ళూ అడగలేదు. తెలివి పద్దెనిమిది ఉన్నోడికి ఆ ప్రశ్న రాలేదు, ఐదున్నదానికి వచ్చింది.

నేను దీన్ని విజయగాథగా చెప్పట్లేదు. ఆ వేషం ఎందుకు చెల్లిందో చూడమంటున్నాను. పాత్రని తనే కట్టుకుంది. నవ్వినవాళ్ళు బల్ల చుట్టూ సమానంగా కూర్చున్నవాళ్ళు. వద్దనుకున్న రోజున తీసేసి మంత్రగత్తె కావొచ్చు. నా కొలత ఈ మూడే. వేషం రాసిందెవరు? నవ్వేది ఏ ఎత్తున కూర్చుని? విప్పుకునే వీలుందా? వీరబాహు మూడిట్లోనూ తప్పుతాడు. మా పెదనాన్న మొదటిదొక్కటే నెగ్గాడు. బెర్ట్ విలియమ్స్‌కి ఒకటీ పూర్తిగా దక్కలేదు. హాస్యం వంతకి మూడూ ఉన్నాయి. సినిమాలో, కాలేజీ స్కిట్‌లో, వాట్సాప్ జోకులో మనల్ని చేతకానోళ్ళుగా చూపించినప్పుడల్లా ఈ మూడూ అడగండి.

ఉద్యమంలో ఉన్న తమ్ముళ్ళు ఒక అభ్యంతరం చెబుతారు. "అన్నా, మనకి ఇప్పుడు కావలసింది తెలివైనోళ్ళ బొమ్మలు. పల్లెపల్లెనా అంబేడ్కర్ విగ్రహం చేతిలో పుస్తకం ఉన్నది అందుకే. ఇంకా మొద్దోళ్ళ వేషాలెందుకు?" ఈ మాటలో బలముంది. ఆ విగ్రహం కింద చదువుకునే పెద్దయినోళ్ళం మనం. అయినా ఒక ప్రమాదం కనపడతంది. అంబేడ్కర్ అంత చదివితేనే మనిషివి, లేకపోతే పాత ముద్రే నిజం అనే షరతుని మన పిల్లల మీద మనమే పెడుతున్నామేమో. అగ్రకులపోడి కొడుకు మొద్దయితే డబ్బు కట్టి మేనేజిమెంటు సీటు కొంటారు, వాడు మామూలుగా బతికేస్తాడు. మనోడు మామూలోడు అనిపించుకోవాలన్నా గొప్పోడై ఉండాలి. ఈ లెక్క ఎవరు వేశారు? ఒక మనిషికి ఒక విలువ అనేది బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో ఎత్తిచూపిన సూత్రం. ఆ విలువకి ఆయన మార్కుల జాబితా అడగలేదు.

అందుకని నేను అడిగేది గొప్పోళ్ళమయ్యే హక్కొక్కటే కాదు. చేతకానోడిగా ఉండే హక్కు కూడా. నాటకంలో వేషంగా, బతుకులో నిజంగా. లెక్కలు రాని మాలపిల్లోడు లెక్కలు రాని పిల్లోడిగానే ఉండాలి, కులానికి రుజువు కాకూడదు. తెలివి లేనోడికి కూడా కూలీ సరిగ్గా అందాలి, కాటా సరిగ్గా తూగాలి. తెలివిని బట్టి గౌరవం ఇస్తామంటే, తెలివిని కొలిచే కర్ర ఎవరి చేతిలో ఉందో మనకి వేల ఏళ్ళుగా తెలుసు.

నేను ముప్ఫై ఏళ్ళు లెక్కల పంతుల్ని. సమానత్వం వచ్చిందో లేదో చూడటానికి కలెక్టర్లయిన మనోళ్ళని లెక్కపెట్టను. ఒక క్లాసుగదిలో కూర్చుంటాను. మన పల్లి పిల్లోడొకడు బోర్డు మీద ఆరేళ్ళు నలభై మూడని రాస్తాడు. పంతులు మూడు చెరిపి రెండు వేసి, "కూర్చోరా" అంటాడు. పిల్లోడు కూర్చుంటాడు. వాళ్ళ నాన్న మాట రాదు, పేట మాట రాదు, ఎవడూ ఎవడి మొహం చూడడు. తప్పయింది ఒక ఎక్కం. దిద్దింది ఆ ఒక్క ఎక్కాన్నే. ఆ క్లాసుగది నాకింకా కనపడలేదు.